బానిసత్వం: చట్టం పోయినా చెరగని పద్దు

1640 జులైలో, ఉత్తర అమెరికాలోని ఆంగ్లేయుల వలసరాజ్యమైన వర్జీనియాలో, న్యాయస్థానం ముందుకు పారిపోయి దొరికిన ముగ్గురు పనివాళ్లు వచ్చారు. ముగ్గురూ ఒకే యజమాని దగ్గర పనిచేస్తూ, కలిసి మేరీల్యాండ్‌కు పారిపోయి, కలిసే పట్టుబడ్డారు. ముగ్గురికీ తలా 30 కొరడా దెబ్బలు వేయమని న్యాయస్థానం తీర్పు చెప్పింది. విక్టర్ అనే డచ్చివాడు, జేమ్స్ గ్రెగరీ అనే స్కాట్లాండువాడు తమ ఒప్పందపు గడువు తీరాక యజమానికి మరో ఏడాది, ఆ తర్వాత వలసరాజ్యానికి మూడేళ్లు ఊడిగం చేయాలని ఆదేశించింది. మూడోవాడైన జాన్ పంచ్ మాత్రం ప్రాణం ఉన్నంత కాలం యజమానికి చాకిరి చేయాలని తేల్చింది. నేరం ఒకటే అయినా శిక్ష ఒకటి కాలేదు. అతను నల్లవాడన్న వర్ణన తప్ప ఈ తేడాకు తీర్పులో వేరే కారణమేదీ కనిపించదు.

అప్పటికి వర్జీనియాలో బానిసత్వాన్ని నిర్వచించే చట్టం లేదు. కానీ లోకంలో బానిసత్వానికి వేల ఏళ్ల వయసుంది. ఒక జాతి మీద మరో జాతికి ఉన్న ద్వేషం నుంచి బానిసత్వం పుట్టిందని నేడు చాలామంది నమ్ముతారు. చరిత్రను వరుసగా చదివితే క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. ముందు చాకిరి అవసరం వచ్చింది, ఆ తర్వాత దానికి చట్టం వచ్చింది, ఆ చట్టాన్ని సమర్థించుకోవడానికి జాతి సిద్ధాంతం చివరన వచ్చింది. ఏ కాలంలో ఏ చట్టం ఏమి రాసింది, విముక్తి నాడు ఎవరి ఖాతాలో ఎంత పడింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, అమెరికాలో రద్దయి 150 ఏళ్లు దాటిన వ్యవస్థ ఈనాటికీ ఎందుకు బాధిస్తోందో చాలావరకు అర్థమవుతుంది.

బానిసత్వానికి మొదటి మూలం యుద్ధం. అయితే యుద్ధంలో చిక్కినవాళ్లను చంపకుండా అట్టిపెట్టుకోవాలంటే వాళ్లకు తిండి పెట్టగలగాలి, వాళ్లు చేసే పనివల్ల పెట్టిన తిండికన్నా ఎక్కువ రాబడి రావాలి. సంచార వేటగాళ్ల గుంపులకు ఈ రెండూ సాధ్యం కావు. అందుకే వ్యవసాయమూ ధాన్యపు గాదెలూ ఉన్న చోటనే బానిసలు విరివిగా కనిపిస్తారు. ఇందుకు గమనించదగ్గ మినహాయింపు ఒకటుంది. ఉత్తర అమెరికా వాయవ్య తీరంలోని ట్లింగిట్, హైడా ప్రజలు వ్యవసాయం చేసేవాళ్లు కారు, అయినా వాళ్లకు బానిసలుండేవాళ్లు. ఆ నదుల్లో ఏటా సాల్మన్ చేపలు విస్తారంగా దొరికేవి, వాటిని ఎండబెట్టి నిల్వ చేసుకునేవాళ్లు. అంటే నాగలి ఉండటం కన్నా నిల్వ ఉండటమే అసలు సంగతి. నిల్వ చేసుకోగల సంపద ఉన్నచోట ఒకరి శ్రమను మరొకరు దాచుకోవచ్చు.

రెండో మూలం అప్పు. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దపు బాబిలోన్‌లో హమ్మురాబి శాసనం అప్పు తీర్చలేక భార్యనో, కొడుకునో, కూతురినో అమ్ముకున్నవాడి గురించి ప్రత్యేకంగా చెబుతుంది. అలా అమ్ముడుపోయినవాళ్లు మూడేళ్లు పనిచేస్తే నాలుగో ఏట వాళ్లను విడిచిపెట్టాలి. అదే శాసనం పారిపోయిన బానిసను ఇంట్లో దాచిన గృహస్థుకు మరణదండన విధించింది. ఒకే శాసనంలో ఇంత దయ, ఇంత కాఠిన్యం పక్కపక్కనే ఉండటానికి కారణం ఉంది. అప్పులపాలైనవాడు ఊరివాడు, అతనికి బంధువులున్నారు, అతని కష్టం పాలకుడికి తలనొప్పి అవుతుంది. కొని తెచ్చిన బానిసకు ఎవరూ లేరు. తల్లిదండ్రుల నుంచి, కులగోత్రాల నుంచి, పుట్టిన నేల నుంచి తెంచేసిన మనిషి తరఫున అడిగేవాళ్లుండరు. ఏ దేశపు బానిసత్వానికైనా కొరడా కన్నా, సంకెళ్ల కన్నా ముఖ్యమైన పునాది ఈ ఏకాకితనమే.

ఏథెన్స్ చరిత్ర దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. క్రీ.పూ. 594లో శాసనకర్త సోలోన్ పౌరుల శరీరాలను అప్పుకు తాకట్టు పెట్టడాన్ని నిషేధించాడు. పేద ఏథెన్స్ రైతుకు అది నిజమైన విముక్తి. కానీ సంపన్నులకు పనివాళ్ల అవసరం తీరలేదు. తమవాళ్లను బానిసలుగా వాడుకోవడానికి వీల్లేనప్పుడు బయటివాళ్లను కొనవలసి వచ్చింది. థ్రేస్ నుంచి, ఆసియా మైనర్ నుంచి తెచ్చినవాళ్లతో ఏథెన్స్ దగ్గరి లౌరియన్ వెండి గనులు నిండాయి. ఆ వెండి ఏథెన్స్ నౌకాదళానికి పెట్టుబడి అయింది. పౌరుడి స్వేచ్ఛ, పరాయివాడి దాస్యం ఒకే నగరంలో జంటగా పెరిగాయి. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ వాదించింది ఈ నేపథ్యంలోనే. వ్యవస్థ స్థిరపడ్డాక దానికి సమర్థన వెతికే పని అక్కడ మొదలైంది.

రోమ్‌లో క్రౌర్యానికి కొదవలేదు. క్రీ.పూ. 73లో బానిస యోధుడు స్పార్టకస్ నాయకత్వంలో మొదలైన తిరుగుబాటును అణచిన తర్వాత కాపువా నుంచి రోమ్ దాకా అప్పియన్ రహదారి వెంట 6,000 మందిని శిలువ వేశారు. అయినా రోమన్ చట్టంలో, సక్రమంగా విముక్తి పొందిన బానిస పౌరుడయ్యే మార్గం ఉండేది, అతనికి ఆ తర్వాత పుట్టిన బిడ్డ పూర్తి హక్కులతోనే పుట్టేవాడు. ఇస్లామీయ న్యాయంలో యజమానికి బానిస స్త్రీ కన్న బిడ్డ స్వతంత్రుడు. యజమాని పోయాక ఆ తల్లికి కూడా విముక్తి. ఈజిప్టును 1250 నుంచి 1517 దాకా ఏలిన మమ్లూకులు బానిస సైనికుల వర్గం నుంచి వచ్చినవాళ్లే. ఇది చూసి అక్కడి బానిసత్వం మృదువైనదని అనుకుంటే పొరపాటు. నేటి ఇరాక్‌లోని బస్రా పరిసరాల్లో చవుడు భూములను బాగుచేయడానికి తెచ్చిన తూర్పు ఆఫ్రికా బానిసలు 869లో తిరగబడి 14 ఏళ్లు పోరాడారంటే వాళ్లు అనుభవించిన నరకాన్ని ఊహించుకోవచ్చు. చెప్పదలచినది వేరు: ఈ సమాజాల్లో బానిసత్వపు మచ్చ ఒకటి రెండు తరాల్లో మాసిపోవడానికి చట్టంలో దారి ఉండేది. అట్లాంటిక్ ఆవలి ఒడ్డున ఆ దారిని ఉద్దేశపూర్వకంగా మూసేశారు.

ఆ కథకు ఇరుసు చెరకు. నరికిన చెరకును ఒకటి రెండు రోజుల్లో గానుగ ఆడించకపోతే రసం చెడిపోతుంది. అందువల్ల కోత కాలంలో రాత్రీ పగలూ పొలమూ గానుగా బెల్లపు పొయ్యీ ఆగకుండా నడవాలి. ఇష్టపడి కూలికి వచ్చేవాళ్లు అంత చాకిరికి నిలబడరు. మదీరా, కానరీ దీవుల్లో, తర్వాత ఆఫ్రికా పక్కనున్న సావో టోమేలో పోర్చుగీసు, స్పానిష్ వర్తకులు ఈ పంటకు బానిస శ్రమను జతచేసి చూశారు. లాభం కళ్లారా చూశాక అదే నమూనాను బ్రెజిల్‌కు, అక్కడి నుంచి కరీబియన్ దీవులకు తీసుకెళ్లారు. అమెరికా ఖండాల మూలవాసులు యూరప్ నుంచి వచ్చిన రోగాలకు కుప్పకూలిపోతున్న కాలమది. ఆఫ్రికా తీరంలో మనుషులను అమ్మే బేరగాళ్లు అప్పటికే ఉన్నారు. రంగు చూసి మొదలుపెట్టిన వ్యాపారం కాదిది. దొరికినచోట, చవకగా, తిరిగి ఇంటికి పారిపోలేనంత దూరం నుంచి కొనగలిగిన మనుషుల వ్యాపారం.

ఆఫ్రికా రాజులు అమ్మారు కదా అన్న వాదన తరచుగా వినిపిస్తుంది. అమ్మారన్నది నిజం. పశ్చిమ ఆఫ్రికాలోని దహోమీ వంటి రాజ్యాలు యుద్ధఖైదీలను తీరానికి తోలి తుపాకులు కొన్నాయి. తుపాకులు లేని పొరుగు రాజ్యం తన మనుషులనే పోగొట్టుకునేది కాబట్టి అది కూడా అదే సంతలోకి దిగవలసి వచ్చేది. కాంగో రాజు మొదటి అఫోన్సో 1526లో పోర్చుగల్ రాజుకు రాసిన లేఖలు ఈ ఊబిని కళ్లకు కడతాయి. అతను క్రైస్తవం స్వీకరించినవాడు, పోర్చుగీసు భాషలో లేఖలు నడిపినవాడు, స్వయంగా బానిసలను అమ్మినవాడు కూడా. ఆ లేఖల్లో అతను వర్తకులు తన ప్రజలను, చివరికి ప్రభువంశాల పిల్లలను, సొంత బంధువులను కూడా ఎత్తుకుపోతున్నారని, దేశం ఖాళీ అవుతోందని మొరపెట్టుకున్నాడు. వ్యాపారం ఆగలేదు.

16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా ఆఫ్రికా తీరాల నుంచి సుమారు 1.25 కోట్ల మందిని ఓడలెక్కించారని, అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవాళ్లు సుమారు 1.07 కోట్ల మందని చరిత్రకారులు ఓడల దస్త్రాల ఆధారంగా అంచనా కట్టారు. తేడా దాదాపు 18 లక్షల ప్రాణాలు. తీరానికి నడిపించేటప్పుడు, ఓడల కోసం బంధించి ఉంచిన తీరపు కోటల చీకటి గదుల్లో పోయినవాళ్లు ఈ లెక్కలో లేరు.

ఆ ఓడల్లో మనిషి ఏమయ్యాడో చెప్పడానికి జోంగ్ అనే ఓడ కథ చాలు. లివర్‌పూల్ వర్తకుల ఈ ఓడ 1781 నవంబరు చివరలో కరీబియన్ సముద్రంలో దారి తప్పింది. తాగునీళ్లు చాలవన్న సాకుతో సిబ్బంది కొన్ని రోజుల్లో 130 మందికి పైగా ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోశారు. అప్పటి బీమా లెక్క ప్రకారం బందీలు రోగంతో చస్తే నష్టం యజమానులది. మిగతా సరుకును కాపాడటానికి కొంత పారవేయవలసి వస్తే నష్టం బీమా కంపెనీది. ఓడ యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా సొమ్ము కోరారు. 1783లో జ్యూరీ వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. చట్టం దృష్టిలో ఇది గుర్రాలను నీళ్లలో పారవేసినట్టే అన్న పోలికను ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ స్వయంగా ప్రస్తావించి, నీళ్ల కొరతపై కొత్త సాక్ష్యం బయటపడటంతో పునర్విచారణకు అనుమతించాడు. హత్యానేరం ఎవరి మీదా మోపలేదు. అంతమంది చావు న్యాయస్థానానికి బీమా తగాదాగా మాత్రమే చేరింది. మనిషిని ఆస్తి పద్దులో రాసిన తర్వాత చట్టం ఇంతకన్నా వేరుగా మాట్లాడటం కష్టం.

వర్జీనియాలో ఆ రాత ఎలా సాగిందో ఏళ్ల వారీగా చూడవచ్చు. 1656లో ఎలిజబెత్ కీ అనే స్త్రీ న్యాయస్థానంలో తన స్వేచ్ఛ కోసం దావా వేసి గెలిచింది. ఆమె తల్లి ఆఫ్రికన్, తండ్రి స్వతంత్రుడైన ఆంగ్లేయుడు. తండ్రి హోదాయే బిడ్డకు వస్తుందన్నది ఆంగ్ల న్యాయసూత్రం. పైగా ఆమె బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలు. ఈ వాదనలు ఆమెను విడిపించాయి. 1662లో వలసరాజ్య శాసనసభ బిడ్డకు తల్లి హోదాయే వర్తిస్తుందని చట్టం చేసింది. 1667లో బాప్తిస్మం బానిస హోదాను మార్చదని మరో చట్టం చేసింది. ఎలిజబెత్ బయటపడిన తలుపులను రెండింటినీ పదకొండేళ్లలో బిగించారన్నమాట. 1669 నాటి చట్టం ఇంకా ఘోరం. దండించేటప్పుడు బానిస చనిపోతే యజమానిది నేరం కాదని అది ప్రకటించింది. తన ఆస్తిని తానే నాశనం చేసుకోవాలని ఎవరూ పనిగట్టుకుని అనుకోరు కదా అన్నది అందులో చెప్పిన తర్కం.

1676లో వర్జీనియా గవర్నరు మీద నథానియల్ బేకన్ లేవదీసిన తిరుగుబాటులో తెల్ల ఒప్పంద పనివాళ్లూ నల్ల బానిసలూ ఒకే పక్షాన నిలిచి రాజధాని జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు. భూస్వాములను ఆ కలయిక వణికించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆఫ్రికన్ల కొనుగోలు పెరిగింది. 1705 నాటి శాసనసంపుటి బానిసను ఆస్తిగా స్థిరపరుస్తూనే, న్యాయాధికారి ఉత్తర్వు లేకుండా తెల్ల క్రైస్తవ పనివాడిని బట్టలూడదీసి కొట్టకూడదని రక్షణ కల్పించింది. పేద తెల్లవాడికి భూమి ఇవ్వకుండా చర్మపు విలువ ఇచ్చి సరిపెట్టిన ఏర్పాటు ఇది. జాతి భావన జనం నెత్తురులోంచి ఉబికి రాలేదు. తీర్మానం వెనుక తీర్మానంగా దాన్ని రాశారు.

1662 నాటి చట్టం ఫలితం అంకెల్లోనే తెలుస్తుంది. బ్రెజిల్‌కు చేరిన బందీలు దాదాపు 48 లక్షల మంది. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల నేలకు నేరుగా చేరినవాళ్లు 4 లక్షల లోపే. కరీబియన్, బ్రెజిల్ చెరకు తోటల్లో జననాలకన్నా మరణాలే ఎక్కువ కావడంతో, చచ్చినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను కొంటూ పోయారు. ఉత్తర అమెరికాలో తల్లి గర్భమే బానిసలను ఇచ్చేది, అందుకే 1808లో విదేశీ దిగుమతిని నిషేధించినా 1860 నాటికి అక్కడ బానిసలు 40 లక్షలకు చేరువయ్యారు. పత్తి గింజ తీసే యంత్రం వచ్చాక దక్షిణాన పత్తి భూములు విస్తరించి, దాదాపు 10 లక్షల మందిని పాత రాష్ట్రాల నుంచి అక్కడికి తరలించారు. ఎక్కువమంది అమ్ముడుపోయి వెళ్లినవాళ్లే. అత్యాచారంతో పుట్టిన సొంత బిడ్డలను కూడా యజమాని ఆస్తి జాబితాలో చేర్చుకుని అమ్ముకోగలిగిన వ్యవస్థ ఇది.

ఇక విముక్తి. కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్‌లో బానిసలు 1791లో తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని కూడా ఓడించి, 1804లో హైతీని స్వతంత్ర దేశంగా ప్రకటించుకున్నారు. 1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, గుర్తింపు కావాలంటే 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించమన్నాడు. పోగొట్టుకున్న ఆస్తికి పరిహారమది, ఆ ఆస్తిలో ఆ మనుషులూ భాగమే. మొదటి వాయిదాకు హైతీ ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేసింది. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, ఆ అప్పుల తోక తెగింది 1947లో. రోడ్లకు, బడులకు పోవలసిన కాఫీ పంట సుంకాలు ఒక శతాబ్దానికి పైగా వడ్డీకి పోయాయి. హైతీ పేదరికం గురించి రాసేవాళ్లు ఈ పద్దును వదిలేసి ఆ ప్రజల అసమర్థత గురించి మాట్లాడటం అన్యాయం.

బ్రిటన్ 1833లో చట్టం చేసి తన వలసల్లో సుమారు 8 లక్షల మందిని విడుదల చేసింది. ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలను అందులోంచి మినహాయించారు, అక్కడ చట్టం 1843లో గానీ రాలేదు. బానిసల యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ముట్టింది. ఆనాటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో అది దాదాపు 40 శాతం. విడుదలైనవాళ్లకు ఒక్క పెన్నీ రాలేదు సరికదా, శిక్షణ పేరుతో 1838 దాకా పాత యజమానుల దగ్గరే వారంలో ఎక్కువ భాగం ఉచితంగా పనిచేశారు. ఆ పరిహారం కోసం చేసిన అప్పును కలుపుకున్న ప్రభుత్వ బాండ్లను చివరికి తీర్చింది 2015లో. బ్రిటన్‌లో స్థిరపడిన కరీబియన్ కుటుంబాలు తమ పూర్వీకుల యజమానులకిచ్చిన సొమ్ముకు పన్నుల రూపంలో వంతు కట్టాయి. లక్ష పౌండ్లకు పైగా పరిహారం అందుకున్న లివర్‌పూల్ వర్తకుడు జాన్ గ్లాడ్‌స్టోన్, తన గయానా తోటలకు భారతీయ కూలీలు కావాలని కలకత్తాలోని ఒక వర్తక సంస్థకు రాశాడు. 1838లో ఆ ఓడలు గయానా చేరాయి. 1917 దాకా సాగిన ఒప్పంద కూలీల వలసలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటారు. వాళ్లది గడువున్న ఒప్పందం, బిడ్డలకు సంక్రమించేది కాదు. ఆ తేడా చాలా పెద్దది. అయినా తోట అదే, గానుగ అదే, యజమాని కూడా చాలాచోట్ల అతనే.

రష్యా కథ రంగుతో నిమిత్తం లేనిది, అందుకే దాన్ని ఇక్కడ గుర్తుచేయాలి. 1861లో విడుదలైన భూదాసులు, అంటే భూస్వామి నేలకు కట్టుబడిన రైతులు, తాము దున్నుకుంటున్న భూమికే 49 ఏళ్ల వాయిదాల్లో సొమ్ము కట్టాలన్నారు. 1905 తిరుగుబాటు తర్వాత, 1907లో గానీ ఆ వసూలు ఆగలేదు. అమెరికాలో 1865 జనవరిలో విముక్తులకు 40 ఎకరాల చొప్పున కేటాయించిన తీర భూములను అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా రాజ్యాంగపు పదమూడో సవరణ నేరానికి శిక్షగా నిర్బంధ చాకిరిని మినహాయించింది. దాన్ని ఆసరా చేసుకుని దక్షిణ రాష్ట్రాలు, పని లేకుండా తిరగడాన్ని కూడా నేరంగా ప్రకటించి, ఖైదీలను గనులకూ తోటలకూ అద్దెకిచ్చాయి. అలబామాలో ఆ పద్ధతి 1928 దాకా సాగింది. 1888లో బ్రెజిల్ చేసిన చట్టం విముక్తి ప్రకటించి ఊరుకుంది, భూమి లేదు, బడి లేదు. ఆపైన 1891 రాజ్యాంగం నిరక్షరాస్యులకు ఓటు నిరాకరించింది. చదువు నేర్పని పాలకులే చదువు లేదన్న కారణంతో 1985 దాకా ఆ ప్రజలను ఓటుకు దూరంగా ఉంచారు.

ఇలా చేతికి భూమి రానివాళ్ల మనుమలు, మునిమనుమలు నేడేమయ్యారో అంకెలు చెబుతాయి. 2022 నాటి అమెరికా ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం మధ్యస్థ (సంపద వరుసలో సరిగ్గా మధ్యలో ఉండే) తెల్ల కుటుంబపు సంపద 2,85,000 డాలర్లు, మధ్యస్థ నల్ల కుటుంబపు సంపద 44,900 డాలర్లు. సంపద జీతంలాంటిది కాదు, వారసత్వంగా దిగుతుంది, కాబట్టి ఒక తరంలో వేసిన సున్నా తర్వాతి తరాల్లోనూ లెక్కకొస్తుంది. ఇంకో రకమైన నష్టం డబ్బుతో కొలిచేది కాదు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే చూపుతూ గీతల్లో నమోదు చేశారు. దాదాపు అందరి పేరు గడీ లేనే లేదు. ఆ మనుషుల్లో అత్యధికులు పేరుతో మొదటిసారి కనిపించేది 1870 లెక్కల్లోనే. తాతముత్తాతలను వెతుక్కునే నల్ల కుటుంబాలు నేటికీ ఆ ఏడాది దగ్గర ఆగిపోతాయి.

ఆఫ్రికాలో మిగిలిన గాయం వేరు. ఎక్కువమంది బానిసలను కోల్పోయిన ప్రాంతాలే నేడు ఎక్కువ పేదగా ఉన్నాయని ఆర్థికవేత్త నేథన్ నన్ 2008లో గణాంకాలతో చూపాడు. బెనిన్ దేశంలో పుట్టిన లియోనార్డ్ వాంచెకాన్‌తో కలిసి 2011లో చేసిన మరో అధ్యయనం, దాడులకు ఎక్కువ గురైన తెగల వారసులు బంధువులను, పొరుగువాళ్లను, స్థానిక పాలకులను నమ్మడం ఇప్పటికీ తక్కువేనని తేల్చింది. ఎవరు ఎవరిని అమ్మేస్తారో తెలియని కాలంలో అపనమ్మకం బతుకుతెరువు. ఆ కాలం పోయినా పిల్లలకు నేర్పిన జాగ్రత్త పోలేదు. చేబదుళ్లు, ఉమ్మడి వ్యాపారం, ఊరి పంచాయితీ, అన్నీ నమ్మకం మీదే నడుస్తాయి కనుక ఈ నష్టం ఆర్థిక వ్యవస్థలోకి కూడా పాకింది.

రద్దు చట్టాలు చేసినంత మాత్రాన ఆచారం అంతం కాలేదు. మౌరిటానియా 1981లో బానిసత్వాన్ని రద్దు చేసింది కానీ, బానిసను ఉంచుకోవడాన్ని నేరంగా గుర్తించింది 2007లో. అంతర్జాతీయ కార్మిక సంస్థ, దాని భాగస్వామ్య సంస్థలు 2022లో విడుదల చేసిన అంచనా ప్రకారం 2.76 కోట్ల మంది నిర్బంధ చాకిరిలో, 2.2 కోట్ల మంది బలవంతపు పెళ్లిళ్లలో ఉన్నారు. పాత సంకెళ్ల స్థానంలో తీరని బయానాలు, యజమాని గుప్పిట్లో పెట్టుకున్న పాస్‌పోర్టులు వచ్చాయి. పరాయి ఊళ్లో, భాష రాని చోట, అడిగేవాళ్లు లేని మనిషినే ఇవి కూడా వెతుక్కుంటాయి.

నష్టపరిహారం మాట ఎత్తగానే, చేసినవాళ్లూ పడినవాళ్లూ ఇద్దరూ పోయారు, ఇప్పుడు ఎవరు ఎవరికి ఇవ్వాలి అన్న ప్రశ్న వస్తుంది. అది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. కానీ యజమానులకు చెల్లించడానికి చేసిన అప్పులను ప్రభుత్వాలు తరాల తరబడి తీర్చాయి. 1825లో సంతకం చేసినవాళ్లు పోయాక పుట్టిన హైతీ రైతు ఆ బాకీ కట్టాడు. అప్పు తరాలు దాటగలిగినప్పుడు బాధ్యత దాటదనడం చెల్లదు. కరీబియన్ దేశాల కూటమి 2013లో ఇందుకోసం ఒక కమిషన్ వేసి, మరుసటి ఏడాది క్షమాపణ, ఆరోగ్య వ్యవస్థ, విద్య, రుణ మాఫీ వంటి పది అంశాలను యూరప్ దేశాల ముందుంచింది. పదో చార్లెస్ ఆజ్ఞకు 200 ఏళ్లు నిండిన రోజున, 2025 ఏప్రిల్ 17న, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఆ వసూలు అన్యాయమని ఒప్పుకుని, దాన్ని పరిశీలించడానికి రెండు దేశాల చరిత్రకారులతో సంఘం వేస్తామన్నాడు. తిరిగి చెల్లింపు గురించి ఆ ప్రకటనలో హామీ ఏదీ లేదు.